సివిలా? కెమికలా? పర్యావరణమా?

అనకాపల్లి: ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన తర్వాత ఈ పట్టణంలో ఏటా ఒక తంతు జరుగుతుంది. నెహ్రూ చౌక్ పరిసరాల్లోని ఇంటర్నెట్ సెంటర్ల ముందు తండ్రీ కొడుకులు, తల్లీ కూతుళ్లు కాలేజీల కోడ్లు రాసుకున్న కాగితం పట్టుకుని నిలబడతారు. కాగితంలో పై అయిదు వరుసలూ కంప్యూటర్ సైన్సే. ఆరో వరుస దగ్గర కలం ఆగుతుంది. అక్కడ ఏం రాయాలన్న ప్రశ్నకు ఈమధ్య కొందరు పిల్లలు చెబుతున్న జవాబు పర్యావరణ ఇంజనీరింగ్. అదేం చదువు, ఎక్కడ దొరుకుతుంది, చదివితే ఎవరు పిలిచి ఉద్యోగం ఇస్తారు అని పెద్దలు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నలే.

ఈ ప్రాంతపు పిల్లల నోట ఆ మాట రావడంలో వింతేమీ లేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడినప్పుడు వీరు హైస్కూలు, ప్రాథమిక పాఠశాలల్లో ఉన్నారు. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అచ్యుతాపురం సెజ్‌లో దుస్తుల కర్మాగారం మహిళా కార్మికులు విషవాయువు పీల్చి వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అదే సెజ్‌లోని ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో ద్రావకం ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి మండలాల్లో ఫ్యాక్టరీ జీతంతో నడిచే ఇళ్లున్నాయి, ఫ్యాక్టరీ వాసనకు రాత్రి కిటికీలు మూసుకునే ఇళ్లున్నాయి. రెండూ ఒకటే అయిన ఇళ్లు కూడా తక్కువేమీ కాదు. అటువంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు ఈ చదువు కావాలంటే దాన్ని మోజుగా కొట్టిపారేయకూడదు.

చిక్కల్లా ఆ పేరుతో ఉన్న చదువు ఒక్కటి కాకపోవడంలో ఉంది. డిగ్రీ స్థాయిలో అక్కడికి చేరడానికి నాలుగు దారులున్నాయి: సివిల్ ఇంజనీరింగ్, కెమికల్ ఇంజనీరింగ్, పర్యావరణం పేరుతోనే ఉన్న బి.టెక్., సైన్సు డిగ్రీ. నాలుగింటిలో నేర్పేది వేరు, తర్వాత తెరుచుకునే తలుపులు వేరు. ఏ పిల్లవాడికి ఏది అన్నది తేలాలంటే, అతను జీవితమంతా ఏ మురికితో పని చేయడానికి సిద్ధపడుతున్నాడో ముందు తేల్చుకోవాలి.

పాత శాఖకు కొత్త పేరు

పర్యావరణ ఇంజనీరింగ్ అన్న మాట కొత్తదే గాని పని పాతది. ఒకప్పుడు దీన్ని ప్రజారోగ్య ఇంజనీరింగ్ అనేవారు. ఊరికి మంచినీళ్లు తేవడం, ఊరి మురుగును బయటికి పంపడం, కలరా, టైఫాయిడ్ రాకుండా చూడడం దాని పని. అందుకే అది సివిల్ ఇంజనీర్ల చేతిలో పెరిగింది. మునిసిపాలిటీల నీటి పథకాలు చూసే శాఖకు ఇప్పటికీ పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ అనే పేరు. నాగపూర్‌లో 1958లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థగా మొదలైనదే 1974లో పేరు మార్చుకుని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ అయింది. నీరి అని పిలుస్తున్నది దాన్నే.

పేరు మారిన ఆ ఏడే పార్లమెంటు నీటి కాలుష్య నివారణ చట్టం చేసింది. గాలి చట్టం 1981లో వచ్చింది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ దుర్ఘటన జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. మురుగు కాలవలు, నీటి ట్యాంకులతో సరిపోయిన చదువులోకి ఈ చట్టాల వెంట పొగ గొట్టాలు, రసాయనాలు, ప్రమాదకర వ్యర్థాలు వచ్చి చేరాయి. రసాయనాలు వచ్చాక కెమికల్ ఇంజనీర్ రాక తప్పలేదు. ఒకే శాఖకు ఇద్దరు తల్లులు ఉండడానికి కారణం ఇదే.

శారద ఒడ్డున

సివిల్ దారి ఎటువంటిదో చూడాలంటే శారదా నది గట్టు మీద నిలబడితే చాలు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నీటిని ఎగువన రైవాడ జలాశయంలో ఆపి, అందులో కొంత విశాఖ నగరానికి తాగునీరుగా పంపుతున్నారు. ఆ నీళ్లు మా పొలాలకే కావాలని ఆయకట్టు రైతులు అడుగుతూ వస్తున్నారు. మిగిలిన నది చోడవరం మీదుగా అనకాపల్లి చేరేసరికి ఊళ్ల మురుగు కలుస్తుంది. నీళ్లు ఎవరికి ఎన్ని, వాడిన తర్వాత వచ్చే మురుగు ఎంత, దాన్ని ఎక్కడ శుద్ధి చేసి ఎక్కడ వదలాలి అన్నవి సివిల్ వారు నేర్చుకునే లెక్కలు.

లెక్క ఎలా ఉంటుందో రుచి చూపిస్తాం. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందించాలని మన దేశంలో ప్రమాణం. అందులో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క వేస్తారు. లక్ష మంది ఉన్న పట్టణమైతే రోజుకు కోటి లీటర్ల పైచిలుకు మురుగు. అది వాలున దానంతటదే పారేలా గొట్టాలు వేయాలి. వాలు తక్కువైతే మడ్డి పేరుకుంటుంది, ఎక్కువైతే గొట్టం అరిగిపోతుంది. చివరకు చేరిన మురుగులోకి గాలి ఊది, సూక్ష్మజీవుల చేత మురికిని తినిపించి, తేరిన నీటిని వదలాలి. అలా తినిపించకుండా మురుగును నేరుగా నదిలో కలిపితే ఆ తినే పని నదిలోనే జరుగుతుంది. సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి, చేపలు తేలతాయి. బి.ఓ.డి. అని రిపోర్టుల్లో కనబడే అంకె చెప్పేది ఈ ఆకలి ఎంత ఉందన్నదే.

సివిల్ బి.టెక్.లో ఈ విషయం చెప్పేది నాలుగేళ్లలో ఒకటి రెండు పేపర్లు, ఒక ప్రయోగశాల. మిగిలినదంతా కాంక్రీటు, నేలలు, రోడ్లు, నీటి పారుదల, సర్వే. పర్యావరణం కోసమే చేరిన విద్యార్థికి మొదటి రెండేళ్లు విసుగు పుట్టవచ్చు. అయితే ఆ మిగిలినదంతా వృథా కాదు. శుద్ధి కేంద్రం అంటే చివరికి నేల మీద నిలబడవలసిన ట్యాంకులు, వాటి మధ్య పారవలసిన నీరు. పైగా పర్యావరణ రంగంలో ఉద్యోగం దొరకని ఏడాది సివిల్ పట్టా మరో పది చోట్ల పనికి వస్తుంది. మధ్యతరగతి ఇంటికి అది చిన్న విషయం కాదు.

చెత్త కూడా వీరి కిందికే వస్తుంది. అనకాపల్లి మునిసిపాలిటీ 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పట్టణం జిల్లా కేంద్రం కూడా. నగరం పెరిగితే ముందుగా పెరిగేది చెత్త దిబ్బే గనుక ఈ పనికి మనుషుల అవసరం తగ్గే సూచన లేదు.

బెల్లం పెనం చెప్పే పాఠం

కెమికల్ ఇంజనీరింగ్ అనగానే మన తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారు. కారణం తెలిసిందే. ఫ్యాక్టరీ ప్రమాదాల వార్తలు చదివినవారు పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, అటు పంపడానికి జంకుతారు. ర్యాంకు కాస్త అటూ ఇటూ అయినవారికి మిగిలే సీటుగా కూడా దానికి పేరు పడింది. ఈ రెండు కారణాల వల్ల అనకాపల్లి పిల్లలు తమకు పుట్టుకతో సగం తెలిసిన చదువును వదులుకుంటున్నారని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సగం తెలిసిన చదువు అనడం ఎందుకంటే, బెల్లం వండే ఇంట్లో పెరిగినవాడు కెమికల్ ఇంజనీరింగ్‌లో మొదటి పాఠం కళ్లారా చూసినవాడు. గానుగలో వంద కిలోల చెరకు పెడితే సుమారు అరవై కిలోల రసం, నలభై కిలోల పిప్పి వస్తాయి. రసం పెనంలో కాగితే చివరకు దిమ్మ కట్టేది పది కిలోల చిల్లర. మిగిలిన యాభై కిలోలు ఏమయ్యాయి? చాలా భాగం ఆవిరి, కొంత పైకి తేలిన మడ్డి. పిప్పి ఎండి పొయ్యిలో మండింది, దాంట్లో కొంత పొగ, కొంత బూడిద. లోపలికి పోయింది ఎంతో బయటికి వచ్చింది కూడా అంతే కావాలి. కాలేజీలో దీన్ని పదార్థ తుల్యత అంటారు. ఫ్యాక్టరీ కొన్న ద్రావకం ఎంత, సరుకులో పోయింది ఎంత, తిరిగి పట్టుకున్నది ఎంత, లెక్కకు రానిది ఎంత అని అడిగే ఇంజనీరు చేసేది ఇదే లెక్క. లెక్కకు రానిది గాలిలోనైనా ఉండాలి, నీటిలోనైనా ఉండాలి, నేలలోనైనా ఉండాలి.

రెండో పాఠం ఇంకా దగ్గరిది. పెనంలో ఆవిరి అంతా ఆకాశంలోకి పోతుంది, దానితో పాటు వేడీ పోతుంది. ఒక పాత్రలో లేచిన ఆవిరితో పక్క పాత్రను, దాని ఆవిరితో ఆ పక్క పాత్రను కాచవచ్చునని కనిపెట్టినవాడు నార్బర్ట్ రిల్యూ. అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన ఈ నల్లజాతి ఇంజనీరు 1843లో, 1846లో పేటెంట్లు తీసుకున్నాడు. ఆయన ఆలోచించింది చెరకు రసం గురించే. చక్కెర మిల్లుల్లో రసం చిక్కబడేది ఆ పద్ధతిలోనే. ఈనాడు ఔషధ కర్మాగారాల్లో ఉప్పు ఎక్కువగా ఉన్న వ్యర్థజలాన్ని బయటికి వదలకుండా కాచి చిక్కబరచే యంత్రం కూడా అదే. చెరకు రసానికి బదులు మురికి నీరు, బెల్లానికి బదులు ఉప్పు ముద్ద. ఆ ముద్దను ప్రమాదకర వ్యర్థంగా లెక్క కట్టి, పరవాడలో ఉన్నటువంటి ప్రత్యేక నిల్వ కేంద్రానికి పంపాలి.

పరవాడ ఫార్మాసిటీ గురించి మాట్లాడేవారు చివరి గొట్టాన్నే చూస్తారు. ఉమ్మడి శుద్ధి కేంద్రం, సముద్రంలోకి వేసిన పైపు, మత్స్యకారుల ఫిర్యాదులు వార్తలకెక్కుతాయి. చివరి గొట్టం ముఖ్యమే. అయితే వ్యర్థం పుట్టేది అక్కడ కాదు, లోపలి రియాక్టర్లో. మందుల తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోల పైబడి వ్యర్థం పుడుతుందని రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో లెక్క తేల్చి చూపించాడు. అందులో అధిక భాగం ద్రావకాలే. తయారీ మార్గంలో ఒక మెట్టు తగ్గించినా, ఒక ద్రావకాన్ని పట్టి మళ్లీ వాడినా చివరి గొట్టం మీద భారం తగ్గుతుంది. ఆ మార్పు చేయగలిగేది రియాక్టరు లోపల ఏం జరుగుతోందో తెలిసినవాడు. శుద్ధి కేంద్రం దగ్గర కూర్చున్నవాడు తన దగ్గరికి వచ్చినదాన్నే శుభ్రం చేయగలడు.

ప్రమాదాల మాటా అంతే. 2024లో ఎసెన్షియాలో గాని, 2020లో వెంకటాపురంలో గాని జరిగినవి మురుగు నీటి సమస్యలు కావు. ఏ ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర అంటుకుంటుంది, నిల్వ ఉన్న స్టైరీన్ దానంతటదే ఎందుకు వేడెక్కుతుంది, కారిన ద్రావకం విద్యుత్ పరికరాల వైపు పోకుండా ఏం చేయాలి అన్నవి కెమికల్ ఇంజనీరు చదివే విషయాలు. మన జిల్లాలో మనుషుల ప్రాణాలు తీస్తున్న కాలుష్యం ఈ తరహాది. దాన్ని ఆపాలనే కోరికతో వచ్చిన పిల్లవాడిని సివిల్‌లో చేర్పిస్తే అతను అడిగిన ప్రశ్నకు జవాబు ఆ తరగతిలో దొరకదు.

చదువు కోసం దూరం పోనక్కరలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక విద్య 1933 నాటిది, దేశంలో ఈ విషయం నేర్పిన పాత శాఖల్లో అది ఒకటి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసేవారికి విశాఖపట్నంలో ప్రభుత్వ కెమికల్ ఇంజనీరింగ్ సంస్థ డిప్లొమా ఇస్తోంది. డిప్లొమా చేసి ఇ-సెట్ రాస్తే బి.టెక్. రెండో ఏడులో చేరవచ్చు. ఇంటర్‌కు కోచింగ్ ఫీజులు కట్టలేని ఇళ్లకు ఈ దారి గురించి ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

ఆ పేరుతోనే డిగ్రీ

ఇక అసలు పేరు ఉన్న డిగ్రీ. మన ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సివిల్, కెమికల్ కనబడినంత సులభంగా పర్యావరణ ఇంజనీరింగ్ కనబడదు. ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీలో, మైసూరు జె.ఎస్.ఎస్.లో, అహమ్మదాబాద్ ఎల్.డి. కాలేజీలో ఆ పేరుతో నాలుగేళ్ల కోర్సు ఉంది. వీటిలో ధన్‌బాద్ మాట ప్రత్యేకం. 1926 నాటి గనుల విద్యాలయం అది, 2016లో ఐ.ఐ.టి. అయింది. బొగ్గు గనుల మధ్య ఉండడం వల్ల నేల, గాలి, నీరు పాడైతే ఎలా ఉంటుందో విద్యార్థికి పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో అక్కడ సీటు వస్తే వెనకాడనక్కరలేదు.

ఈ కోర్సులో సివిల్ వారి నీటి లెక్కలు, కెమికల్ వారి పదార్థ లెక్కలు, సూక్ష్మజీవశాస్త్రం, గాలి కాలుష్యం, చట్టాలు అన్నీ కలిపి చెబుతారు. పాఠ్యాంశాల జాబితా చూస్తే మూడింటిలోనూ ఇదే ముచ్చటగా ఉంటుంది. ఇష్టం స్థిరంగా ఉన్న విద్యార్థికి నాలుగేళ్లూ నచ్చిన చదువు చదివే భాగ్యం దక్కుతుంది.

ఇబ్బంది పట్టా చేతికొచ్చాక మొదలవుతుంది. రాష్ట్రంలో నీటి సరఫరా, పంచాయతీరాజ్, నీటి పారుదల శాఖల ఇంజనీరు పోస్టుల్లో పెద్ద వాటా సివిల్ డిగ్రీ అడిగేవి. పర్యావరణ డిగ్రీ అక్కడ చెల్లుతుందా లేదా అన్నది ఆయా నోటిఫికేషన్ రాసిన వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. మంచినీటి శుద్ధిలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు మంచినీటి శాఖలో దరఖాస్తు వేయలేకపోవడం విడ్డూరమే. కాని విడ్డూరమని చెప్పి దరఖాస్తు గుమాస్తా నియమం మార్చడు. కంపెనీల్లోనూ అంతే. ఔషధ కర్మాగారం ప్రొడక్షన్‌లోకి కెమికల్ వాడిని తీసుకుంటుంది, ఇ.హెచ్.ఎస్. విభాగంలోకి ఇద్దరినీ తీసుకుంటుంది. పర్యావరణ డిగ్రీ ఉన్నవాడికి రెండో తలుపు ఒక్కటే.

కాబట్టి పేరు గొప్ప కాలేజీలో సీటు వస్తే ఈ డిగ్రీ, లేకపోతే మాతృశాఖల్లో ఒకటి పట్టుకుని ఆ తర్వాత ఎం.టెక్.లో పర్యావరణం తీసుకోవడం మేలు. కొత్తగా పేరు తగిలించిన కోర్సుకు, ప్రయోగశాల లేని చోట, ఇంటి పొలం కుదువ పెట్టి చేరడం మాత్రం వద్దు.

బి.ఎస్సీ. వారికి

ఇంజనీరింగ్ ర్యాంకు రాలేదని ఈ రంగం మీద ఆశ వదులుకోనక్కరలేదు. ఫ్యాక్టరీ వదిలిన నీటిలో ఏముందో, గాలిలో ఏ రసాయనం ఎంత ఉందో కొలిచి చెప్పేది రసాయన శాస్త్రం చదివినవారే. 2022లో అచ్యుతాపురంలో కార్మికులు కుప్పకూలినప్పుడు మొట్టమొదట కావలసి వచ్చిన సమాధానం, అది ఏ వాయువు అన్నది. ఏ వాయువో తెలియనిదే వైద్యుడు మందివ్వలేడు, ఇంజనీరు గొట్టం వెతకలేడు.

పట్టణంలో వర్తక సంఘం పేరు మీద నడుస్తున్న ఎ.ఎం.ఎ.ఎల్. కాలేజీ వంటి చోట్ల సైన్సు డిగ్రీ చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రంలోనో రసాయన శాస్త్రంలోనో ఎం.ఎస్సీ. చేసినవారికి ప్రయోగశాలలు, కన్సల్టెన్సీలు, కాలుష్య నియంత్రణ మండలి విశ్లేషకుల పోస్టులు ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఇంటి పట్టున ఉండి చదువుకోవచ్చు. అయితే తేడా ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. సైన్సు వారు కొలుస్తారు, ఇంజనీరు డిజైన్ చేస్తాడు. శుద్ధి కేంద్రం డ్రాయింగు మీద సంతకం పెట్టే ఉద్యోగం కావాలన్నవాడు బి.ఎస్సీ.లో చేరి తర్వాత బాధపడకూడదు.

చెరకు పరిశోధన గురించి ఇక్కడ ఒక మాట. 1913 నుంచి మన ఊళ్లోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. బెల్లానికి తెలుపు రావడానికి హైడ్రోస్ కలపడం, దాని బదులు బెండ జిగురు వంటి పాత పద్ధతులు, పిప్పి తక్కువ కాలే పొయ్యిలు ఇవన్నీ పర్యావరణ ప్రశ్నలే. అగ్రికల్చర్ బి.ఎస్సీ. చదివే పిల్లలు తాము ఈ వరుసలో లేమని అనుకోనక్కరలేదు.

నోటిఫికేషన్ ఏమంటుంది

ఉద్యోగాల లెక్కకు వస్తే, ప్రభుత్వంలో నేరుగా ఈ పేరు ఉన్న పోస్టు కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్. దానికి పర్యావరణ డిగ్రీతో పాటు సివిల్, కెమికల్ వారినీ అర్హులుగా తీసుకుంటూ వచ్చారు. అంటే ఆ పోస్టు కోసమే ప్రత్యేక డిగ్రీ చేయాల్సిన అవసరం లేదన్నమాట. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకపోవడం, వచ్చినప్పుడు పోస్టులు పదుల్లోనే ఉండడం కూడా గుర్తుంచుకోవాలి. దీన్నే నమ్ముకుని నాలుగేళ్లు చదవడం లాటరీ టిక్కెట్టు మీద పెళ్లి ముహూర్తం పెట్టుకోవడం వంటిది. 2019లో వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి అనే పోస్టు పుట్టింది. సైన్సు, ఇంజనీరింగ్ పట్టభద్రులు చాలామంది అందులో చేరారు. పేరులో పర్యావరణం ఉన్నా రోజువారీ పని తెల్లవారుజామున చెత్త బండ్ల వెంట తిరగడమే. అది తక్కువ పని కాదు, కాని డిజైన్ పని కూడా కాదు.

ప్రైవేటు రంగంలో అవకాశాలు దగ్గరలోనే ఉన్నాయి. ఔషధ కర్మాగారాల ఇ.హెచ్.ఎస్. విభాగాలు, ఉమ్మడి శుద్ధి కేంద్రాలు, పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం వంటి చోట బూడిద, పొగ, నీటి నిర్వహణ ఇందులోకి వస్తాయి. మొదటి ఉద్యోగం షిఫ్టుల్లో ఉంటుంది, జీతం కంప్యూటర్ ఉద్యోగం కంటే తక్కువగానే మొదలవుతుంది. ఇది దాచిపెట్టి పిల్లల్ని చేర్పించడం న్యాయం కాదు. భద్రతా అధికారి కావాలనుకునేవారు డిగ్రీ మీద పారిశ్రామిక భద్రత డిప్లొమా కూడా చేయాల్సి ఉంటుంది.

మరో దారి పర్యావరణ ప్రభావ అంచనా. 1994లో మొదటిసారి, 2006లో మళ్లీ వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ల ప్రకారం పెద్ద పరిశ్రమ పెట్టేముందు గాలి, నీరు, శబ్దం, భూగర్భ జలం, జీవరాశి, ప్రజల జీవనం మీద ప్రభావం అంచనా వేసి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ రిపోర్టు రాసే కన్సల్టెన్సీలకు గుర్తింపు ఉండాలి, ఒక్కో విషయానికి ఒక్కో నిపుణుడు ఉండాలి. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కు మీద 2025లో రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కినప్పుడు వారు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఉండవలసింది ఇటువంటి రిపోర్టుల్లోనే. వందల పేజీల ఇంగ్లీషు రిపోర్టును చదివి, అందులో ఏ అంకె నమ్మదగ్గదో, ఏది పక్క జిల్లా రిపోర్టు నుంచి ఎత్తి రాసిందో తీరప్రాంతపు తెలుగులో చెప్పగలిగే మనిషి ఆ ఊళ్లకు కావాలి. ఆ మనిషి ఆ ఊరి పిల్లే అయితే ఇంకా మంచిది. అది జీతం ఇచ్చే ఉద్యోగమా అని అడిగితే, ఇప్పటికైతే సగమే అని చెప్పాలి.

ఆప్షన్లు పెట్టేముందు

ఎం.టెక్. ఆలోచన ఉన్నవారికి గేట్ పరీక్షలో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్ కలిపి ప్రత్యేక పేపర్ ఉంది. బొంబాయి ఐ.ఐ.టి.లో పర్యావరణానికి ప్రత్యేక విభాగమే ఉంది. మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.ల్లో సివిల్ శాఖ కింద ఈ ఎం.టెక్. నడుస్తుంది. ఏ బ్రాంచి వారిని ఏ పేపరుతో తీసుకుంటారో సంస్థ సంస్థకూ తేడా ఉంటుంది. బి.టెక్. మూడో ఏడులోనే ఆ బ్రోచర్లు తిరగేస్తే, ఎంచుకోవలసిన ఎలక్టివ్ సబ్జెక్టులు వాటంతట అవే తేలతాయి.

చేరబోయే కాలేజీలో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నీటి పరీక్షల ప్రయోగశాల తాళం తీసి చూపించమనాలి. బి.ఓ.డి. పరీక్షకు సీసాలను 20 డిగ్రీల దగ్గర అయిదు రోజులు ఉంచే ఇంక్యుబేటర్ ఉందా, అది ప్లగ్గులో పెట్టి ఉందా చూడాలి. దాని మీద దుమ్ము మందం చూస్తే ఆ శాఖ సంగతి తెలిసిపోతుంది. గత రెండేళ్లలో విద్యార్థులు ఏ ఫ్యాక్టరీకి, ఏ శుద్ధి కేంద్రానికి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లారో పేర్లతో చెప్పమనాలి. పరవాడ నుంచి అరగంట దూరంలో ఉన్న కాలేజీ విద్యార్థులు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా శుద్ధి కేంద్రం చూడలేదంటే ఆ సీటు గురించి మళ్లీ ఆలోచించాలి. వేరే రాష్ట్రం సీటయితే ఫీజు రాయితీ వర్తిస్తుందో లేదో, హాస్టల్ ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.

ఒకటి మాత్రం పిల్లలే స్వయంగా తేల్చుకోవాలి. ఇంటర్ కెమిస్ట్రీలో ఏ పాఠం ఇష్టంగా చదివారు, ఫిజిక్స్‌లో ఏది ఇష్టంగా చదివారు అని అడిగితే ఇంట్లో వాళ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు. చర్యలు, సమతాస్థితి, ఉష్ణగతికం నచ్చినవారు కెమికల్‌లో నిలబడతారు. ప్రవాహాలు, బలాలు, నిర్మాణాలు నచ్చినవారు సివిల్‌లో హాయిగా ఉంటారు. రెండూ సమానమైతే, ఈ జిల్లా వారికి కెమికల్‌ను ఒక మెట్టు పైన రాయమని మా సూచన. ఆప్షన్లు గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఫ్రీజ్ చేసిన తర్వాత కుదరదు. కాబట్టి ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడి చేత చివరి బటన్ నొక్కించేముందు కాగితం మీది కోడూ, తెర మీది కోడూ ఒకటేనా అని ఇద్దరు చూసుకోవాలి.